జగ్‌జీత్ మార్చింది గజల్‌నా, శ్రోతనా?

జగ్‌జీత్ సింగ్ గజల్‌ని ఆధునికం చేశాడన్న మాట బాగా అరిగిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరూ నిలబెట్టి అడగడం లేదు. 2011 అక్టోబరు 10న ఆయన కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లోనూ ఇదే మాట తిరిగింది. మెచ్చుకునేవాళ్ళు గజల్‌లోకి గిటార్, వయొలిన్లు తెచ్చాడంటారు. గిట్టనివాళ్ళూ అదే చెప్పి పెదవి విరుస్తారు. రెండు పక్షాలూ వాద్యాల దగ్గరే ఆగిపోతున్నాయి. మారిందేమిటి, అందులో ఆయన వాటా ఎంత, ఆ మార్పుకు చెల్లించిన ధర ఏమిటి అన్నవి విడివిడిగా చూడాల్సిన సంగతులు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జగ్‌జీత్ గజల్ కవిత్వపు కట్టడాన్ని మార్చలేదు, సంగీతాన్ని కొంతవరకే మార్చాడు. పూర్తిగా మార్చింది గజల్ వినే మనిషిని. మిగిలినవన్నీ ఆ కొత్త శ్రోత కోసం చేసిన సర్దుబాట్లు.

ఆయనకు ముందు గజల్ వినడమంటే ఏమిటో తెలిస్తే గానీ ఈ మాట బోధపడదు. గజల్‌లో ఏ షేర్‌కి ఆ షేర్ విడి పద్యం. మొదటి షేర్ మత్లా. దాని రెండు పాదాలూ, తర్వాతి షేర్లలో రెండో పాదమూ ఒకే కాఫియాతో (ప్రాసతో), రదీఫ్‌తో (ఆ ప్రాస వెంట మళ్ళీ మళ్ళీ వచ్చే మాటతో) ముగుస్తాయి. చివరిదైన మక్తాలో కవి తన తఖల్లుస్ (కలం పేరు) వేసుకుంటాడు. ఒక షేర్ ప్రేయసి మీద, పక్కది దేవుడి మీద, ఆ తర్వాతది మధుశాల మీద ఉండవచ్చు. వాటిని కలిపి ఉంచేవి ఛందస్సూ ఆ ముగింపు ప్రాసా మాత్రమే. గానంలోని రక్తి అంతా ఈ కట్టడంలోంచే వస్తుంది. గాయకుడు మొదటి పాదాన్ని రెండు మూడుసార్లు పాడతాడు, పాడిన ప్రతిసారీ స్వరాల దారి మారుస్తాడు, రెండో పాదాన్ని మాత్రం బిగబట్టి ఉంచుతాడు. రాబోయే కాఫియా ఏమిటా అని సభ ఊహిస్తూ ఉండగా వదులుతాడు. అప్పుడు లేస్తుంది 'వాహ్'. ఈ పద్ధతిలో శ్రోత ఊరికే కూర్చునే మనిషి కాడు, పాటలో సగం పని అతనిదే. అతనికి ఉర్దూ రావాలి, బహర్ (ఛందస్సు) నడక తెలియాలి, రాగం పోల్చుకోగలగాలి. దర్బారుల్లోనూ తవాయిఫ్‌ల (గణికల) కోఠాల్లోనూ అలాంటి శ్రోతలుండేవారు. మన హైదరాబాదులో మహలఖా బాయి చందా (1768–1824) దీవాన్ (కవితా సంపుటి) ఉన్న కవయిత్రి, పైగా గాయని, నర్తకి. కనుక ఆ లోకం మనకు పరాయిది కాదు.

20వ శతాబ్దంలో ఆ శ్రోత కరిగిపోతూ వచ్చాడు. సంస్థానాలు పోయాయి, కోఠాలు మూతపడ్డాయి, దేశ విభజన ఉర్దూ కుటుంబాలను రెండు ముక్కలు చేసింది, ఉత్తరాది బడుల్లో ఉర్దూ చదువు సన్నగిల్లింది. గజల్ మాత్రం కొత్త చోట్లు వెతుక్కుంది. మూడు నిమిషాల గ్రామఫోన్ రికార్డులో ఇమడడం నేర్చుకుంది. సైగల్, తలత్ మహమూద్ దాన్ని మైకు ముందు గుసగుసగా పాడవచ్చని చూపించారు. మదన్‌మోహన్ బాణీల్లో లతా మంగేష్కర్ గొంతు దాన్ని సినిమా హాలుకు తీసుకెళ్ళింది. 1954 నాటి 'మీర్జా గాలిబ్' సినిమాలో సురయ్యా, తలత్ పాడిన గాలిబ్‌ను దేశం అప్పటికే విన్నది. మరోవైపు బేగం అఖ్తర్ ఠుమ్రీ, దాద్రాలలో పండిన గొంతుతో గజల్‌ని నిలబెట్టారు. పై స్థాయికి వెళ్ళినప్పుడు ఆమె స్వరంలో వచ్చే ఆ చిన్న జీర కోసమే రికార్డులు కొన్నవాళ్ళున్నారు. సరిహద్దుకు అవతల మెహదీ హసన్ ఒక్కో గజల్‌కు ఒక్కో రాగాన్ని ఆధారంగా తీసుకుని, ఒక్క పాదాన్ని ఖయాల్ విస్తారంతో పాడేవారు. ఆయనా రాజస్థాన్‌లోనే పుట్టారు, జగ్‌జీతూ రాజస్థాన్ వాడే. ఆధునిక గజల్‌కు రెండు కొసలు ఆ ఎడారి నేల నుంచే రావడం విచిత్రం. కాబట్టి జగ్‌జీత్ వచ్చేసరికి గజల్ పాతకాలపు పెట్టెలో మగ్గుతోందన్న కథ నిజం కాదు. అది అప్పటికే రెండుమూడుసార్లు ఆధునికమైంది. ఆయన చేసినది అందులో మరో మలుపు, అన్నిటికంటే ఎక్కువమందిని లోపలికి తెచ్చిన మలుపు.

ఆయన జీవిత కథ అందరికీ తెలిసినదే. మనకు పనికొచ్చే కొన్ని సంగతులు చాలు. 1941 ఫిబ్రవరి 8న శ్రీగంగానగర్‌లో పుట్టాడు. అక్కడ పండిట్ ఛగన్‌లాల్ శర్మ దగ్గర, ఆ తర్వాత సేనియా ఘరానాకు చెందిన ఉస్తాద్ జమాల్ ఖాన్ దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చాడు. ఇంట్లో గుర్బానీ ఉంది. జలంధర్‌లో చదువుతూ ఆకాశవాణిలో పాడాడు. 1965లో బొంబాయి చేరాడు. రికార్డు అవకాశం వచ్చినప్పుడు తలపాగా తీసేసి, జుట్టు కత్తిరించుకున్నాడు. అక్కడ పొట్టపోసుకోవడానికి ప్రకటనలకు జింగిల్స్ పాడాడు, పెళ్ళిళ్ళలో, ధనికుల ఇళ్ళ విందుల్లో పాడాడు. జీవితకథలు ఈ జింగిల్స్ దశను కష్టాల అధ్యాయంలో ఒక వాక్యంగా దాటేస్తాయి. నాకు మాత్రం అదే ఆయన రెండో గురుకులం అనిపిస్తుంది. అరనిమిషంలో చెవిని పట్టుకోవడం, మాట ఒక్కటి కూడా మింగకుండా పలకడం, మైక్రోఫోనుకు ఎంత దగ్గరగా ఉంటే గొంతు ఎలా వినిపిస్తుందో తెలియడం: ఇవన్నీ ఏ ఉస్తాదూ నేర్పడు. 1967లో గాయని చిత్ర పరిచయమైంది కూడా జింగిల్ రికార్డింగు పనిలోనే. 1969లో వాళ్ళ పెళ్ళయింది.

1976లో హెచ్.ఎం.వి. ఈ ఇద్దరి పేరుతో తెచ్చిన 'ది అన్‌ఫర్‌గెటబుల్స్' ఎల్.పి. ఇక్కడ మలుపు. బేగం అఖ్తర్ పోయి అప్పటికి రెండేళ్ళు. సినిమాయేతర రికార్డులు మూలన పడి ఉండే రోజుల్లో అది విపరీతంగా అమ్ముడుపోయింది. కొత్తదనం ఎక్కడుందో వింటే తెలుస్తుంది. మత్లా పాట పల్లవిలా పనిచేస్తుంది, ప్రతి షేర్ తర్వాతా దానిలోని పాదం తిరిగి వస్తుంది. షేర్లు చరణాలవుతాయి. వాటి మధ్య ముందే రాసిపెట్టుకున్న వాద్యఖండాలు వస్తాయి. సారంగి కూర్చునే చోట వయొలిన్లు, సంతూర్, గిటార్ కూర్చుంటాయి. తబలా, హార్మోనియం ఉంటాయి గానీ ముందుకు రావు. తాళాలు ఎక్కువగా కహర్వా, దాద్రా, రూపక్, అంటే చేతివేళ్ళకు అలవాటైనవే. ఒక్కో గజల్‌లో నాలుగైదు షేర్లే ఉంటాయి. పారసీ సమాసాలు ముడిపడ్డ షేర్లను పక్కన పెడతాడు. ఈ చివరి పనిని చాలామంది గమనించరు. రాగం కంటే ముందు ఆయన కత్తెర పట్టేది కవిత్వం దగ్గరే. ఏ గజల్ పాడాలి, అందులో ఏ షేర్లు వదిలేయాలి అన్న ఎంపికలో ఆయన నిజమైన సంపాదకుడు.

ఇక ఆ గొంతు. మంద్రంలో తేలిగ్గా దిగే, బరువున్న పురుష స్వరం. మెహదీ హసన్‌లో వినిపించే గమకాల జాలం ఇందులో తక్కువ. అక్షరం మాత్రం స్పష్టంగా, నిమ్మళంగా దిగుతుంది. ఉర్దూ రానివాడికి కూడా సగం అర్థం ఆ ఉచ్చారణే చెప్పేస్తుంది. సభలో వెయ్యిమంది మధ్య పాడుతున్నట్టు కాక, ఒక్కరికే చెబుతున్నట్టు పాడటం ఆయన పద్ధతి. టేప్ రికార్డర్ పక్కన రాత్రిపూట ఒంటరిగా కూర్చున్న శ్రోతకు అలాంటి గొంతే కావాలి.

చిత్రా సింగ్‌కు రావాల్సిన వాటా ఈ చర్చల్లో దాదాపు ఎప్పుడూ రాదు. ఉర్దూ గజల్‌లో మాట్లాడేవాడు ఆనవాయితీగా పురుషుడు. ప్రేయసిని కూడా వ్యాకరణంలో పుంలింగంలోనే సంబోధిస్తారు. భార్యాభర్తలు ఒకే గజల్‌ని షేర్ షేర్‌గా పంచుకుని పాడేసరికి ఆ ఏకపాత్రాభినయం సంభాషణగా మారింది. ఆయన మంద్రం పక్కన ఆమె పలుచని పై స్వరం పడితేనే ఆ రికార్డులకు ఆ రంగు వచ్చింది. దంపతులు కలిసి పాడే సంగీతాన్ని ఇంట్లో పిల్లల ముందు పెట్టుకోవడానికి మధ్యతరగతికి సంకోచం లేకపోయింది. కోఠాతో ముడిపడ్డ పాత నింద గజల్‌కు అలా కూడా వదిలింది. 'జగ్‌జీత్ విప్లవం' అని రాసేవాళ్ళు మొదటి పద్నాలుగేళ్ళూ ఆ పనిని ఇద్దరు చేశారని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

అయితే ఆ ఇద్దరే చేశారా అంటే, అదీ కాదు. 1970ల చివర దేశంలోకి క్యాసెట్ వచ్చింది. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో కూడా మోగాయి. రికార్డు ప్లేయర్ కొనలేని ఇల్లు క్యాసెట్ కొనగలిగింది. హెచ్.ఎం.వి. గుత్తాధిపత్యం సడలింది. మ్యూజిక్ ఇండియా లాంటి కంపెనీలకు సినిమా హక్కుల ఖర్చు లేకుండా అమ్ముకోగల సరుకు కావాల్సి వచ్చింది. గజల్ వాళ్ళ చేతికి దొరికింది. అదే సమయంలో సినిమా పాట హోరెత్తి, మాటలు వినాలనుకునే శ్రోతను దూరం చేసుకుంటోంది. ఈ ఖాళీలోకి జగ్‌జీత్ ఒక్కడే రాలేదు. భూపీందర్ సింగ్ గిటార్ చేతిలో పట్టుకునే గజల్‌లోకి వచ్చాడు. పంకజ్ ఉధాస్ 1980లో 'ఆహట్'తో మొదలుపెట్టాడు. 1981లో 'ఉమ్రావ్ జాన్', 1982లో 'బాజార్' సినిమాలకు ఖయ్యాం ఇచ్చిన సంగీతం ఇదే గాలిని సినిమాలోకి తెచ్చింది. 'అర్థ్', 'సాథ్ సాథ్' కూడా 1982లోనే వచ్చాయి. వాటిలో జగ్‌జీత్, చిత్రల గొంతులు గజల్ క్యాసెట్టు ఎన్నడూ కొనని వాళ్ళ ఇళ్ళకు చేరాయి. జగ్‌జీత్ లేకపోయినా 1980లలో గజల్ గాలి వీచేదే. కానీ అంత దూరం వీచేది కాదు, అంత కాలం నిలిచేదీ కాదు.

హైదరాబాదు ఈ కథలోకి బలంగా వచ్చేది ఇక్కడే. తలత్ అజీజ్ హైదరాబాదు కుర్రాడు. అతని తొలి ఆల్బమ్‌ను తన పేరు ముందు పెట్టి లోకానికి పరిచయం చేసింది జగ్‌జీతే. హైదరాబాదు నేపథ్యంగా తీసిన 'బాజార్'లో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ గజల్‌ను లతా మంగేష్కర్‌తో కలిసి పాడింది ఈ తలత్ అజీజే. అంతకుముందు 1978లో 'గమన్' సినిమాకు జయదేవ్ సంగీతంలో ఛాయా గంగూలీ పాడి జాతీయ పురస్కారం అందుకున్నదీ మఖ్దూం గజలే. 1990ల మొదట్లో అలీ సర్దార్ జాఫ్రీ రూపొందించిన దూరదర్శన్ సీరియల్ 'కహ్‌కషాన్' ఆరుగురు ఉర్దూ కవుల జీవితాలను చూపించింది. వాళ్ళలో మఖ్దూం ఒకడు, సంగీతం జగ్‌జీత్‌ది. తెలంగాణ సాయుధ పోరాటపు కవి మాట దేశమంతా వినిపించడంలో ఆయన చేయి కూడా ఉందని మనవాళ్ళు తక్కువగా తలుచుకుంటారు.

ఆక్షేపణలు చాలానే వచ్చాయి. వాటిలో కొన్ని ఉత్త అసూయ, కొన్ని నిజం. వాద్యాల మీద ఆక్షేపణ నాకు తేలిగ్గా కనిపిస్తుంది. హార్మోనియం కూడా ఒకప్పుడు విదేశీయే, ఆకాశవాణి దాన్ని ఏళ్ళ తరబడి నిషేధించింది. అసలు నష్టం వాద్యం వల్ల కాక ముందే రాసుకున్న ఏర్పాటు వల్ల జరిగింది. వాద్యబృందం లెక్కపెట్టుకుని కూర్చున్నప్పుడు గాయకుడు ఒక పాదం దగ్గర ఆగి, దాన్ని తనకు తోచినంతసేపు తిప్పలేడు. గిటార్ తీగల మీద స్వరసమూహాలు నిలబడి ఉన్నప్పుడు స్వరాల మధ్య సందుల్లో తిరగడం కష్టం. ఒకే పాదానికి నాలుగు అర్థాలు నాలుగు రకాల పలుకులో చూపించే బేగం అఖ్తర్ విద్య ఇలా స్టూడియోలో జారిపోయింది. ఆయనకు ఆ విద్య రాక కాదు. వేదిక మీద రికార్డయిన 'కమ్ అలైవ్' వింటే ఆలాపన ఉంది, సర్గం ఉంది, మధ్యలో పంజాబీ టప్పేలూ చతుర్లూ ఉన్నాయి. చేయగలిగి కూడా ఆల్బమ్‌లలో చేయలేదంటే అది తెలిసి తీసుకున్న నిర్ణయం.

రెండో ఆక్షేపణ భాష గురించి. సులువైన మాటలున్న గజళ్ళకే గిరాకీ ఉందని తెలిశాక, సులువైనవే రాయించుకోవడం మొదలైంది. 1980ల మధ్యకు వచ్చేసరికి బజారులో గజల్ పేరుతో చలామణీ అయినవాటిలో చాలా భాగం కాఫియా కలిసిన సినిమా గీతాలు, మందు కొట్టేవాళ్ళకు తోడుగా ఉండే పాటలు. ఈ పాపంలో పెద్ద భాగం ఆయన వెనక వచ్చినవాళ్ళది, ఆయనకూ కొంత ఉంది. సుదర్శన్ ఫాకిర్, నిదా ఫాజ్లీ, బషీర్ బద్ర్ లాంటి సమకాలీన కవులను ఇంటింటికీ చేర్చిన మేలును దాని ఎదురుగా పెట్టి చూడాలి. నిదా ఫాజ్లీతో 1994లో చేసిన 'ఇన్‌సైట్'లో మాట సులువే, ఆలోచన సులువు కాదు. సులభమైన భాష అంటే పలుచని భాషేనని వాదించేవాళ్ళకు ఆ ఆల్బమ్ సరైన జవాబు. ముషాయిరాల్లో పేరున్నా పుస్తకం అమ్ముడుపోని కవులకు ఆయన గొంతు పాఠకులను సంపాదించి పెట్టింది.

మూడో సంగతి విమర్శకులు పెద్దగా ఎత్తరు. షేర్ల మధ్య ఉండే ఎడాన్ని ఆ పాట పద్ధతి మాపేసింది. ఒకే బాణీ, ఒకే మూడ్, ఒకే వాద్యఖండం కింద పెడితే వైరాగ్యపు షేరూ, కొంటె షేరూ ఒకే దిగులుతో వినిపిస్తాయి. గజల్ అంటే విరహం, దిగులు అన్న అభిప్రాయం మన దేశంలో ఇంత గట్టిపడటానికి ఇదొక కారణం. గాలిబ్ ఎంత హాస్యప్రియుడో గజల్ ప్రియుల్లో ఎందరికి తెలుసు?

గాలిబ్ దగ్గరికే వచ్చాం కనుక చెబుతాను. జగ్‌జీత్ పనిలో అత్యుత్తమం ఏదంటే నా ఓటు 1988 నాటి 'మీర్జా గాలిబ్'కే. గుల్జార్ దూరదర్శన్ కోసం తీసిన సీరియల్ అది, నసీరుద్దీన్ షా గాలిబ్. దానికి ఒక్క ఏడాది ముందు, 1987లో, 'బియాండ్ టైమ్' వచ్చింది. డిజిటల్ మల్టీట్రాక్ పద్ధతిలో రికార్డయిన తొలి భారతీయ ఆల్బమ్‌గా దాన్ని చెబుతారు. సాంకేతికంగా చూస్తే ఆధునికత అంతా అక్కడుంది: ధ్వని గాజులా ఉంటుంది, వాద్యాలు గుంపుగా వస్తాయి. ఇప్పుడు వింటే ఆ మెరుపులోనే అది 1987కు అతుక్కుపోయి కనిపిస్తుంది. 'మీర్జా గాలిబ్'లో ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వాద్యాలు పక్కకు తప్పుకుని మాటకు దారి ఇచ్చాయి. 19వ శతాబ్దపు ఢిల్లీ గల్లీకి గిటార్ పొసగదన్న సీరియల్ అవసరం కొంత, గాలిబ్ భాష కొంత ఆయన్ని కట్టడి చేశాయి. గాలిబ్‌ను ఎంత కత్తిరించినా పూర్తిగా సులువు చేయలేం. కష్టమైన కవికీ సులువు కోరే శ్రోతకూ మధ్య నిలబడినప్పుడు ఆయన ప్రతిభ పూర్తిగా బయటపడింది. దూరదర్శన్ ఒక్కటే ఉన్న కాలం కాబట్టి ఉర్దూ లిపి చూడని ఇళ్ళలో కూడా పిల్లలు గాలిబ్ షేర్లు అప్పజెప్పారు. ఏ విశ్వవిద్యాలయమూ, ఏ అకాడమీ చేయని పని అది.

1990లో కొడుకు వివేక్ కారు ప్రమాదంలో పోయాడు. చిత్ర పాడటం మానేశారు. ఆ తర్వాత ఆయన గొంతులో బరువు పెరిగింది, భజనలు, గుర్బానీ ఎక్కువయ్యాయి. 1991లో లతా మంగేష్కర్‌తో 'సజ్దా', 1999లో గుల్జార్‌తో 'మరాసిమ్' మంచివే. వాజ్‌పేయి కవితలతో చేసిన రెండు ఆల్బమ్‌లు పేరుకు పెద్దవి, సంగీతానికి చిన్నవి. 2003లో పద్మభూషణ్ వచ్చింది. ఈ కాలంలో ఆయన తనను తాను చాలాసార్లు తిరగరాసుకున్నాడని ఒప్పుకోవాలి. ఒక ఆల్బమ్ బాణీ మరో ఆల్బమ్ బాణీకి చుట్టంలా వినిపిస్తుంది. ఈ కాలం మొదట్లోనే, 1990లో, 'ఆషికీ' లాంటి సినిమాలతో మెలొడీ మళ్ళీ సినిమా పాటకు తిరిగివచ్చింది. గజల్ క్యాసెట్లు కొన్న కొత్త శ్రోతల్లో చాలామంది అటు వెళ్ళిపోయారు. జగ్‌జీత్ శ్రోత మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాడు. గజల్ దగ్గర కాదు, ఆయన దగ్గర. ఈ తేడాలోనే ఆయన విజయమూ, పరిమితీ రెండూ ఉన్నాయి. ఆ స్థాయి వారసుడు మన దేశంలో ఇంతవరకు రాలేదు.

మన భాషలోని గజల్‌ను ఈ వెలుగులో ఒకసారి చూడవచ్చు. జగ్‌జీత్ గాలిబ్‌ను పాడటానికి ఎన్నో ఏళ్ళ ముందే దాశరథి 'గాలిబ్ గీతాలు' తెలుగు చేశాడు, తెలుగులో గజల్ రాయడానికి దారి వేశాడు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సినారె గజళ్ళు రాయడమే కాక, సభల్లో తానే గొంతెత్తి పాడేవాడు. కవి పాడితే సభ పులకిస్తుంది, నిజమే. కానీ కవి తర్వాత ఆ పాట ఎవరి గొంతులో బతకాలి? తెలుగు గజల్ పాడి పేరు తెచ్చుకున్నవాళ్ళు వచ్చారు, రికార్డులూ వచ్చాయి. ఏ షేర్ ఉంచాలో, ఏది వదలాలో, ఏ వాద్యం నోరు మూసుకోవాలో తేల్చి చెప్పే స్వరకర్త మాత్రం తెలుగు గజల్‌కు దొరకలేదు. రాసేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగానే ఉన్నారు. వాళ్ళలో చాలామంది రదీఫ్, కాఫియా నియమాలను శ్రద్ధగా పాటిస్తున్నారు. ఆ గజళ్ళు పుస్తకాల్లో ఉంటున్నాయి, చెవికి చేరడం లేదు.

జగ్‌జీత్‌ను ఇష్టపడే పాఠకులకు ఒక మనవి. 'మీర్జా గాలిబ్'లో మీకు బాగా నచ్చిన ఒక గజల్ తీసుకోండి. దాన్నే బేగం అఖ్తర్ గానీ, మెహదీ హసన్ గానీ పాడి ఉంటే వెతికి వినండి. ఆ తర్వాత గాలిబ్ దీవాన్ తెరిచి, ఎవరు ఏ షేర్ వదిలేశారో చూడండి.